నిలువ నీడ, బతుకు విలువ: తెలుగు సాహిత్యంలో నిరాశ్రయుల జీవన నాణ్యత

'జీవన నాణ్యత' అన్న మాట తెలుగు విమర్శ పరిభాషలో ఇంకా కుదురుకోలేదు. వైద్యం, సాంఘిక శాస్త్రాలు దీనిని చాలాకాలంగా వాడుతున్నాయి. ఒక మనిషి తాను పుట్టి పెరిగిన సంస్కృతిలో, తాను నమ్మిన విలువల నడుమ, తన ఆశలనూ ప్రమాణాలనూ ఆందోళనలనూ దృష్టిలో పెట్టుకొని తన బతుకులో తన స్థానాన్ని తాను ఎలా భావిస్తున్నాడన్నదే జీవన నాణ్యత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. ఈ నిర్వచనంలో బరువంతా 'తాను' అన్న మాట మీద ఉంది. పక్కవాడు చూసి కట్టే విలువ దీని కిందికి రాదు. వైద్యుడు, అధికారి, దాత, కవి ఎంత దయతో లెక్కకట్టినా అది జీవన ప్రమాణం గురించిన అంచనా కావచ్చునే గాని జీవన నాణ్యత కాదు.

నిర్వచనాన్ని అనుసరించి ఆ సంస్థ రూపొందించిన సంక్షిప్త ప్రశ్నావళిలో 26 ప్రశ్నలున్నాయి. వాటిలో చాలావరకు శరీరం, మనస్సు, సాంఘిక సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు రంగాలకు చెందినవి. నిద్ర తృప్తికరంగా ఉందా, నలుగురిలో తిరగగలుగుతున్నారా, అవసరాలకు డబ్బు సరిపోతున్నదా, దగ్గరివాళ్లతో సంబంధాలు ఎలా ఉన్నాయి అన్నవి వాటిలో కొన్ని. నివసించే చోటు స్థితిగతులతో తృప్తి ఉందా అన్నది మరొకటి. నివసించే చోటే లేనివారిని ఈ చివరి ప్రశ్న అడిగితే ఏం జరుగుతుందన్నది సాంఘిక శాస్త్రవేత్తల సమస్య. సాహిత్య విమర్శకుడి సమస్య దానికి పొరుగునే ఉంది. తెలుగు కవులూ కథకులూ నిరాశ్రయుల బతుకును చిత్రించినప్పుడు ఆ బతుకు విలువను ఎవరు కట్టారు? శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి', పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన', చాగంటి సోమయాజులు 'ఎంపు' అనే మూడు రచనలను ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూడూ పాఠకలోకానికి సుపరిచితమైనవే. మూడింటినీ 'మానవతావాదం' అనే ఒకే గాటన కట్టడం పరిశోధనల్లో పరిపాటి అయింది కాబట్టే ఈ ఎంపిక.

మాటల్లోని లెక్క

రచనలకన్నా ముందు భాషను చూడాలి. ఇల్లు లేనితనానికి తెలుగులో ఉన్న పలుకుబళ్లలో గోడల ప్రస్తావన తక్కువ. 'నిలువ నీడ లేదు' అంటాం. ఎండ దేశంలో ఇంటికి కనీసార్థం నీడ. 'తల దాచుకోవడం' అంటాం. ఒళ్లంతటికీ కాక తలకు మాత్రమే చోటు దొరికినా చాలునన్న సర్దుబాటు ఆ మాటలో ఉంది. 'దిక్కులేనివాడు' అన్నప్పుడు దిశను తెలిపే పదం ఆదుకొనే మనిషిని సూచిస్తుంది. చూడడానికి ఒక వైపంటూ, వెళ్లడానికి ఒక మనిషంటూ లేకపోవడమే అక్కడ లేమి. 'ఊరూ పేరూ లేనివాడు' అన్న జంట మాట మరీ కఠినం. ఊరు పోయినవాడికి పేరు కూడా పోతుందని భాష ముందే తీర్పు చెప్పింది. పరిశీలించబోయే రచనల్లో ఈ తీర్పు అమలైన తీరు గమనార్హం.

యాచనకు ఉన్న మాటలు ఇంకో సంగతి చెబుతాయి. 'ముష్టి' అంటే పిడికిలి, పిడికెడు. దానం కొలత కాస్తా దానం పేరై, చివరకు పుచ్చుకొనేవాడి పేరులో చేరి 'ముష్టివాడు' అయింది. ఇంటింటా తిరిగి బియ్యం తెచ్చుకొనే బ్రాహ్మణుడు చేసేది మాత్రం ముష్టి కాదు, యాయవారం. విద్యార్థి వండిన అన్నాన్ని నాలుగిళ్లలో అడిగి తెచ్చుకొంటే అది మధుకరం. చేసే పని ఒక్కటే, చేసేవాడి కులాన్ని బట్టీ అతడికి ఇల్లుందా లేదా అన్నదాన్ని బట్టీ పేరు మారుతుంది. యాచకుడు, నిరాశ్రయుడు అన్న రెండు వర్గాలు తెలుగు సాహిత్యంలో ఒకటిగా కలిసిపోవడానికి ఈ పేర్ల రాజకీయం ఒక కారణం. వాస్తవంలో అవి ఒకటి కావు. నగరాల్లో కాలిబాటల మీద పడుకొనేవారిలో భవన నిర్మాణ కూలీలు, రిక్షా తొక్కేవారు, చిత్తుకాగితాలు ఏరేవారు, హోటళ్లలో పనిచేసేవారు ఉన్నారు. తెల్లవారితే అడ్డా మీద నిలబడి పని కోసం ఎదురుచూసే మనిషి రాత్రి ఎక్కడ పడుకొన్నాడన్నది మన కథకు అరుదుగా పట్టింది. చేయి చాచినప్పుడే నిరాశ్రయుడు మన సాహిత్యానికి కనిపించాడు.

జనగణన అతడిని మరో విధంగా చూస్తుంది. ఆరుబయట, రోడ్డు పక్కన, కాలిబాటల మీద, పెద్ద గొట్టాల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుడి ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారిని అది ఇల్లులేని కుటుంబాలుగా లెక్కిస్తుంది. 2011లో ఈ లెక్కింపు ఫిబ్రవరి 28 రాత్రి జరిగింది. దేశం మొత్తం మీద తేలిన సంఖ్య 17.73 లక్షలు. అందులో పట్టణాలవారు 9.38 లక్షలు కాగా మిగిలిన 8.35 లక్షల మంది పల్లెలవారు. నిరాశ్రయత నగర సమస్య అన్న సామాన్య భావనను ఈ అంకెలు ప్రశ్నిస్తాయి. శ్రీశ్రీ ముసలమ్మ కూర్చున్నది దారి పక్క చెట్టు కింద. పద్మరాజు కథలో స్త్రీ తిరిగేది రైలులో, కథ ముగిసేది ఒక చిన్న స్టేషనులో. ఈ విషయంలో సాహిత్యం సమస్య భూగోళాన్ని సరిగానే పట్టుకొందని చెప్పాలి.

భిక్షువర్షీయసి: పాపం ఎవరిది

'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. అందులోని ఈ చిన్న కవితకు శీర్షిక పెట్టడంలోనే ఒక వింత ఉంది. 'వర్షీయసి' వృద్ధురాలికి సంస్కృతంలో గౌరవం ధ్వనించే మాట. కవిత లోపల ఉన్నది మాత్రం ముసలిది, కుంపటి, కుక్క, తొండ, ఎంగిలాకు. కావ్యనాయికకు తగిన పేరుతో పిలిచి పాఠకుణ్ణి దారి పక్కకు తీసుకువెళ్లడంలో వెక్కిరింపు ముసలమ్మ మీద కాదు, అలాంటి శీర్షికలకు అలవాటుపడిన కావ్యాభిరుచి మీద.

కవిత నడక అందరికీ తెలిసినదే. ముసలమ్మ జబ్బుపడింది. అడుక్కోవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. చలికాలం రాబోతున్నది. ఈమె చనిపోతే దోషం ఎవరిదని గాలి అడిగి వెళ్లిపోతుంది. కుక్క ఎముకతో, తొండ ఈగతో తమ పనిలో తాము ఉంటాయి. ఎంగిలాకు ఒక్కటే తనది కాదని చెప్పుకొంటుంది. ఈ మూడింటి ఎంపికను కొంత నిదానంగా చూడాలి. కుక్కకు ఎముక దొరికింది. తొండకు ఈగ దొరికింది. విస్తరాకులో ఎవరో తిని వెళ్లారు. ఆ చోట అందరికీ ఏదో ఒక తిండి దొరికింది, ఆమెకు తప్ప. మనుషులు కవితలోకి రారు. వారి బదులు వారు తిని పారేసిన ఆకు వచ్చి జవాబు చెబుతుంది. అడగకముందే సంజాయిషీ ఇచ్చే ఆ ఆకులో తిన్నవారి గొంతు వినిపిస్తుంది.

'పాపం' అన్న మాట ఈ కవితకు ఇరుసు. తెలుగులో అది అపరాధం, జాలి కూడా. దారిన పోయేవాడు ముసలమ్మను చూసి 'పాపం!' అని నిట్టూర్చి ముందుకు సాగిపోగలడు. ఆ నిట్టూర్పుకు ఖర్చు లేదు. కవి అదే మాటకు 'ఎవరిది' అన్న ప్రశ్నను జోడించి జాలిని నేరంగా మార్చాడు. పాఠకుడి నోట అప్పుడే వచ్చిన మాట అతడి మీదికే తిరుగుతుంది. అలంకారశాస్త్ర దృష్టితో చూసినా ఇది విశేషమే. కరుణ రసానికి స్థాయి శోకం. ఆ శోకం ఇష్టజన వియోగం వల్లనో, వినాశం వల్లనో పుట్టాలి. ఈ ముసలమ్మ ఎవరికీ ఇష్టజనం కాదు. ఆమె పోతే పోగొట్టుకొనేవారు లేరు. శోకానికి ఆశ్రయం లేనిచోట కవి ప్రశ్నను నిలబెట్టాడు. ఈ కవితను కరుణ రసానికి ఉదాహరణగా చూపే పద్ధతి ఈ తేడాను మరుగుపరుస్తుంది.

ఇంత బలమైన కవితలో ఒక చిక్కు కూడా ఉంది. ముసలమ్మ రూపాన్ని వర్ణిస్తూ కవి ఆమెను మృతదేహంతో పోల్చి, ఆమె స్థితిని అంతకన్నా తక్కువగా నిర్ణయిస్తాడు. ఆవేదనతో చేసిన నిర్ణయమే, సందేహం లేదు. కాని అది చూసేవాడి నిర్ణయం. ఒక మనిషి బతుకు చావుకన్నా హీనమని బయటి నుంచి చెప్పగలిగినప్పుడు ఆ మనిషి తరఫున వాదించడానికి మిగిలేది తక్కువ. ఆమెకు చలి వేస్తున్నదా, ఎవరి కోసమైనా చూస్తున్నదా అన్నవి కవిత అడగదు. గాలి అడిగే ప్రశ్న కూడా ఆమె చనిపోతే ఏమిటన్నది. బతికి ఉండగా ఏమిటన్నది కాదు. ఆమె మాత్రం ఒక్క మాటైనా మాట్లాడదు. ఆకు సైతం మాట్లాడింది.

ఇది శ్రీశ్రీ ఒక్కరి పరిమితి కాదు. దేవరకొండ బాలగంగాధర తిలక్ 'ఆర్తగీతం'లో చెట్టు కింద ఆకలితో చనిపోయిన ముసలివాడు, కుండపోత వర్షంలో వంతెన కింద ప్రసవించిన స్త్రీ, మురికి కాలువ పక్కన నిద్రపోయిన పసివాడు వరుసగా వస్తారు. జనగణన ఇచ్చిన చోట్ల జాబితాకు ఇది ముందే రాసిన కవితారూపంలా ఉంటుంది. అయితే ఆ దృశ్యాలన్నింటినీ కలిపే సూత్రం కవి చూపు. తాను చూశానని, నిజంగా చూశానని కవి పదేపదే సాక్ష్యం చెబుతాడు. చూసినవాడి గుండె ఎంత గాయపడిందో కవిత నిస్సందేహంగా నిరూపిస్తుంది. చూడబడినవారి సంగతి ఆ గాయానికి ఆధారంగా మాత్రమే ఉంటుంది. కరుణాకవిత్వం సాధించినదీ, సాధించలేనిదీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

గాలివాన: ఒక రాత్రి నిరాశ్రయుడు

న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన 'గాలివాన'ను ఆదర్శానికీ సహజ ప్రవృత్తికీ మధ్య సంఘర్షణగా వ్యాఖ్యానించడం సాధారణం. ఆ వ్యాఖ్యానంలో తప్పులేదు గాని అది కథను పూర్తిగా రావుగారికి అప్పగిస్తుంది. ముష్టి స్త్రీ అతడి కనువిప్పుకు సాధనంగా మిగులుతుంది. జీవన నాణ్యత ప్రశ్నతో కథను చదివితే బరువు కొంత పక్కకు జరుగుతుంది.

రావుగారు తన బతుకును సూత్రాల మీద అమర్చుకొన్న మనిషి. యాచకులకు దానం చేయకపోవడం ఆ సూత్రాల్లో ఒకటి. రైలు పెట్టెలో తోటి ప్రయాణికులందరి చేతా ఇప్పించుకోగలిగిన ఆ స్త్రీ ఆయన దగ్గర మాత్రం ఓడిపోతుంది. గాలివాన వచ్చి ఆ అంతస్తులను తలకిందులు చేస్తుంది. ఇల్లు, కుటుంబం, వెలుతురు, నమ్మకాలు అందుబాటులో లేని ఒక చిన్న స్టేషనులో రావుగారు ఒక రాత్రికి నిరాశ్రయుడవుతాడు. ఆ స్థితిలో ఆయన తత్త్వజ్ఞానం ఎందుకూ పనికిరాదు. ఆమెకు అది కొత్త స్థితి కాదు. భయపడిన మనిషిని ఎలా ఊరడించాలో, చలిలో వెచ్చదనాన్ని ఎక్కడ వెతకాలో ఆమెకు తెలుసు. తెలుగు కథలో నిరాశ్రయ వ్యక్తి జాలికి పాత్రం కాకుండా నైపుణ్యం ఉన్న మనిషిగా కనిపించిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. ఆమె ధైర్యం ఉపన్యాసంలో నేర్చుకొన్నది కాదు. రోజూ ఆరుబయట ఉండడం వల్ల ఒంటబట్టిన పనితనం.

తెల్లవారి ఆమె కూలిన కట్టడం కింద శవమై కనిపిస్తుంది. ఆరుబయట గాలివానను తట్టుకోగలిగిన మనిషిని చంపింది పైకప్పు. ఆమె దగ్గర రావుగారి పర్సు దొరుకుతుంది. ఆయన అందులోంచి తన పేరున్న కాగితం తీసేసి, పర్సును ఆమె దగ్గరే ఉంచేస్తాడు. ఈ చర్యను విమర్శకులు కరుణగానే చదివారు. ఆమెను దొంగగా చూపగల సాక్ష్యాన్ని తొలగించడం కరుణే. తన పేరును ఆ చోటు నుంచి, ఆ రాత్రి నుంచి తప్పించుకోవడం కూడా అదే చర్యలో ఉంది. కథ ఈ రెండింటిలో దేనినీ కొట్టివేయదు. పేరున్నవాడు తన పేరును జాగ్రత్తగా వెనక్కి తీసుకొంటాడు. కథ పొడవునా పేరు లేకుండా తిరిగిన మనిషి అలాగే మిగిలిపోతుంది. ఊరూ పేరూ లేకపోవడం గురించి భాష ఇచ్చిన తీర్పు ఇక్కడ కథానిర్మాణంగా మారింది.

కథంతా రావుగారి చూపు నుంచే నడుస్తుంది. అందువల్ల ఆ రాత్రి ఆమెకు ఏమిటన్నది తెలియదు. భయమా, వృత్తిధర్మమా, తోడుకోసం తపనా? ప్రశ్నావళి అడిగే ప్రశ్నలన్నింటికీ రావుగారి జవాబులు ఆ రాత్రికి ముందు ఒకటి, ఆ రాత్రి తరవాత మరొకటి అని కథ చెప్పగలదు. ఆమె జవాబులు రాసే చోటు ఖాళీ. పద్మరాజు గొప్పతనం ఏమిటంటే ఆ ఖాళీని తన ఊహతో నింపకుండా వదిలివేశాడు. తెలిసినట్టు నటించడంకన్నా తెలియదని చూపడం నిజాయితీ.

ఎంపు: లోపలి లెక్క

విజయనగరం కథకుడు చాసో 'ఎంపు' ఈ ఖాళీలోకి నేరుగా అడుగుపెట్టింది. ఒక ముష్టివాడు, అతడి కూతురు, పెళ్లి ప్రస్తావన. పెళ్లికొడుకులుగా ఇద్దరున్నారు, ఒకడు కుంటివాడు, ఒకడు గుడ్డివాడు. కూతురి మనసు కుంటివాడి వైపు మొగ్గితే తండ్రి గుడ్డివాడే మేలంటాడు. చూసినవారికి గుడ్డివాడి మీద జాలి ఎక్కువ, కాబట్టి రాబడి ఎక్కువ. కథ ఇంతే.

ఈ కథ చదివిన పాఠకుడికి ముందు నవ్వు వస్తుంది. తరవాత ఆ నవ్వు ఇబ్బంది పెడుతుంది. దాతల జాలి ఈ కథలో ధర ఉన్న సరుకు. ఏ వైకల్యానికి ఎంత జాలి పలుకుతుందో తండ్రి అంచనా వేయగలడు, ఆసామి ఏ చేలో ఎంత పండుతుందో చెప్పినట్టు. 'భిక్షువర్షీయసి'లో చూసేవాడు ముసలమ్మ విలువ కట్టాడు. 'ఎంపు'లో చూడబడేవాడు చూసేవారి విలువ కడుతున్నాడు. దారిన పోయేవాడి కరుణ, పాఠకుడి కరుణతో సహా, తండ్రి లెక్కలో ఒక పద్దు. మూడు రచనల్లో దృష్టి పూర్తిగా తిరిగిన చోటు ఇదొక్కటే.

జీవన నాణ్యత నిర్వచనానికి అతి దగ్గరగా వచ్చినదీ ఈ కథే. తండ్రీకూతుళ్ల మాటల్లో ఉన్నవి రాబడి, తోడు, నడక, చూపు, మున్ముందు భద్రత. ఇవి ఏ ఇంట పెళ్లిమాటల్లోనైనా ఉండేవే. వారు తమ స్థితిని చావుతో పోల్చుకోరు. తమ ప్రమాణాలతో తమ బతుకులో మంచిచెడ్డలు తేల్చుకొంటారు. అట్టడుగు బతుకులో కూడా మెరుగైనదీ, తీసికట్టైనదీ ఉంటాయన్న ఎరుక ఈ కథకు బలం. ఆ ఎరుకను కథకుడు మాండలికంలో, పాత్రల నోటనే పలికించడం వల్ల మధ్యలో వ్యాఖ్యాత అవసరం లేకపోయింది.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. చాసో యాచకుడు కాడు. ఆ తండ్రి లెక్క మధ్యతరగతి మార్క్సిస్టు కథకుడు యాచకుల నోట పెట్టిన అర్థశాస్త్రమని వాదించవచ్చు. వాదనలో బలం ఉంది. కూతురి ఇష్టాన్ని తండ్రి రాబడి తూకంతో తోసిపుచ్చడంలో ఆర్థిక సంబంధాలే మానవ సంబంధాలను నిర్ణయిస్తాయన్న సిద్ధాంతం తొంగిచూస్తూనే ఉంటుంది. అయినా కూతురికి ఒక ఇష్టం ఉందని, అది తండ్రి లెక్కకు లొంగేది కాదని కథ దాచలేదు. సిద్ధాంతానికి మిగులుగా నిలిచే ఆ ఇష్టమే పాత్రను ఉదాహరణ కాకుండా కాపాడింది. 'గాలివాన'లో రావుగారికి దక్కిన అంతరంగం ఇక్కడ ముష్టివాడి కూతురికి దక్కింది, కొద్దిగానైనా.

సాహిత్యానికి వెలుపల ఈ చూపుల తేడాకు ఫలితాలున్నాయి. యాచన నిషేధానికి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో చట్టం వచ్చింది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాదులో యాచనను నిషేధించి, యాచకులను జైళ్లశాఖ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆశ్రయానికీ నిర్బంధానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టమైన సందర్భం అది. మరోవైపు సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల తరవాత పట్టణ నిరాశ్రయుల వసతి పథకం రూపుదిద్దుకొంది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి వసతి, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు అని అది ప్రమాణం పెట్టింది. ప్రమాణం అవసరమైనదే. అయితే చదరపు అడుగులు బయటి నుంచి కొలిచేవి. వసతి గృహం ఉండగా ఒక మనిషి కాలిబాటనే ఎందుకు ఎంచుకొన్నాడన్నది ఆ కొలతలో దొరకదు. పని దొరికే అడ్డా దగ్గర కాబట్టా, భార్యాబిడ్డలను విడిగా ఉండమన్నారు కాబట్టా, పక్కన పడుకొనే స్నేహితుణ్ణి వదలలేకనా? అలాంటి ఎంపిక వెనుక ఉన్న లెక్కను తెలుగు కథ ఒకసారి పట్టుకొంది. ఆ కథకు శీర్షికే 'ఎంపు'. కుర్రవాడికి ఇల్లూ వాకిలీ ఉన్నాయా, పొలం పుట్రా ఉన్నాయా అని ఆడపిల్ల తండ్రి ఆరా తీసే చోట, ఈ తండ్రి ఎవరి కంటిచూపు పోయిందని చూశాడు.